గాలి తగిలితే చెడే ఎంజైము, గాలిలోనే బతికే బాక్టీరియా

అజటోబాక్టర్ అనే నేల బాక్టీరియా కణాల నుండి, గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చే (అంటే స్థాపించే) నైట్రోజినేజ్ అనే ఎంజైమును వేరుచేసి మామూలు గాలిలో ఉంచితే, దానిలోని రెండు ప్రోటీన్లలో చిన్నదైన ఇనుప ప్రోటీన్ దాదాపు 45 సెకన్లలో తన చురుకుదనంలో సగం పోగొట్టుకుంటుంది. ఇనుము, మాలిబ్డినం రెండూ ఉన్న పెద్ద ప్రోటీన్ కాస్త ఓర్చుకుంటుంది గానీ దానికీ సుమారు 10 నిమిషాలే గడువు. అలా చెడినది మళ్ళీ బాగుపడదు. అయినా అదే అజటోబాక్టర్ పొలం మట్టిలో, నూటికి 21 వంతులు ఆక్సిజన్ ఉన్న గాలి ఆడే చోట, అదే ఎంజైముతో నత్రజనిని స్థాపిస్తూ తరతరాలుగా బతుకుతోంది.

ఈ వైరుధ్యం నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తోంది. నత్రజని స్థాపనకు ఆక్సిజన్ విరోధి అన్న ఒక్క వాక్యంతో పాఠ్యపుస్తకాలు దాటిపోయే ఈ సంగతిలోనే నేల సూక్ష్మజీవుల బతుకు గురించి తెలుసుకోదగిన అసలు విషయం ఉందని నా నమ్మకం. నత్రజనిని అమ్మోనియాగా మార్చడం ఎంత కష్టమో, ఆ పని జరిగే చోటికి ఆక్సిజన్ చేరకుండా చూడడమూ అంత కష్టమే. బాక్టీరియా తిన్న తిండిలో చాలా భాగం ఈ రెండో పనికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు సంగతి తెలిస్తే, ఇలాంటి బాక్టీరియాతో చేసే జీవన ఎరువులు ఒక చేలో పనిచేసి పక్క చేలో ఎందుకు పనిచేయవో కూడా కొంతవరకు అర్థమవుతుంది.

ముందుగా ఎంజైము సంగతి చూద్దాం. నత్రజని అణువులోని రెండు పరమాణువులను మూడు బంధాలు కలిపి ఉంచుతాయి. ఎరువుల కర్మాగారంలో ఆ బంధాలను తెంచడానికి 400 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి, వాతావరణ పీడనానికి వంద రెట్లకు మించిన ఒత్తిడి కావాలి. నైట్రోజినేజ్ అదే పనిని మామూలు నేల వేడిమి దగ్గర చేస్తుంది. అందుకు ఒక్కో నత్రజని అణువుకు 8 ఎలక్ట్రాన్లను, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులను కనీసం 16 ఖర్చు పెడుతుంది. ఎలక్ట్రాన్లు ఇనుప ప్రోటీన్‌లోని ఇనుము–గంధకం గుచ్ఛం నుండి పెద్ద ప్రోటీన్‌లోని మరో గుచ్ఛానికి, అక్కడి నుండి 7 ఇనుము, 9 గంధకం, 1 మాలిబ్డినం పరమాణువులతో అల్లుకున్న సహకారకానికి, అంటే నత్రజని మార్పు జరిగే గుచ్ఛానికి, చేరతాయి. దాని నడుమ ఒక కర్బన పరమాణువు కూడా ఉందన్న సంగతి 2011లో గాని తేలలేదు.

ఇంత సులువుగా ఎలక్ట్రాన్లను వదిలే గుచ్ఛాలు వాటిని నత్రజనికే ఇస్తాయన్న హామీ ఏమీ లేదు. ఆక్సిజన్ ఎదురైతే దానికి ఇంకా సులువుగా ఇచ్చేస్తాయి. ఒక ఎలక్ట్రాన్ అందుకున్న ఆక్సిజన్ సూపరాక్సైడ్ అవుతుంది, ఇంకొకటి కూడా అందితే హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. చెదిరిన గుచ్ఛం నుండి ఊడిపోయిన ఇనుము ఆ పెరాక్సైడ్‌కు తోడైతే హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టి డీఎన్‌ఏ, ప్రోటీన్లు, పొరలు అన్న తేడా లేకుండా ఎదురైనదాన్నల్లా దెబ్బతీస్తుంది. కాబట్టి ఈ కణాలకు ఆక్సిజన్‌తో వచ్చే ముప్పు ఎంజైము చెడిపోవడంతో ఆగదు. చెడిపోయే క్రమంలో ఆ ఎంజైమే కణానికి హాని చేసే పదార్థాల పుట్టుకకు కారణమవుతుంది.

నైట్రోజినేజ్ ఆక్సిజన్ లేని కాలంలో పుట్టిన ఎంజైము. వాతావరణంలోకి ఆక్సిజన్ చెప్పుకోదగినంతగా చేరింది సుమారు 240 కోట్ల ఏళ్ళ కిందట. అంతకు చాలా ముందే, 320 కోట్ల ఏళ్ళ నాటి శిలల్లో, సూక్ష్మజీవులు నత్రజనిని స్థాపించిన జాడలు ఐసోటోపుల నిష్పత్తుల రూపంలో కనిపించాయి. ఆ తర్వాత ఇంత కాలం గడిచినా ఆక్సిజన్‌కు చెదరని నైట్రోజినేజ్ ఒక్కటీ ప్రకృతిలో దొరకలేదు. ఒకప్పుడు దొరికిందనే అనుకున్నారు. జర్మనీలో బొగ్గుల బట్టీ కింది మట్టి నుండి వేరుచేసిన ఒక స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా ఆక్సిజన్‌ను లెక్కచేయని నైట్రోజినేజ్‌తో పనిచేస్తుందని 1990లలో ప్రకటించారు. అది నిజమైతే వరి, గోధుమలకు నత్రజని స్థాపన నేర్పడం ఎంతో తేలికయ్యేది. కానీ వేర్వేరు ప్రయోగశాలల పరిశోధకులు కలిసి జాగ్రత్తగా పరీక్షించి, ఆ బాక్టీరియా అసలు నత్రజనిని స్థాపించడమే లేదని 2016లో తేల్చారు. ఆశపెట్టుకున్న సిద్ధాంతాన్ని ఇంత ఓపికగా పరీక్షించి పక్కన పెట్టిన ఆ పని మీద నాకు ఎంతో గౌరవం ఉంది.

ఎంజైమును మార్చుకోలేని బాక్టీరియా దాని చుట్టూ ఉన్న పరిస్థితులను మార్చుకున్నాయి. అన్నిటికంటే తేలికైన మార్గం ఆక్సిజన్ ఉన్న చోటికి వెళ్ళకపోవడం. రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ 1890లలో వేరుచేసిన క్లాస్ట్రిడియం అనే బాక్టీరియా ఆక్సిజన్ లేని చోటే పెరుగుతుంది. క్లెబ్సియెల్లా అనే మరో బాక్టీరియా గాలిలోనూ బతుకుతుంది గాని, ఆక్సిజన్ ఉన్నంతసేపు నైట్రోజినేజ్‌ను తయారు చేసుకోదు. నేలలో ఇలాంటి జీవులకు చోటు లేకపోలేదు. కొన్ని మిల్లీమీటర్ల మట్టి బెడ్డ పైపొరలో గాలి ఆడుతున్నా నడిమధ్యన ఆక్సిజన్ అసలు లేకపోవచ్చు. పైగా నీటి గుండా ఆక్సిజన్ ప్రసరించే వేగం గాలిలో కంటే దాదాపు 10,000 రెట్లు తక్కువ, కనుక ఒక్క వాన కురిసినా, ఒక్క తడి పెట్టినా మట్టిలోని ఆక్సిజన్ లెక్కంతా కొన్ని గంటల్లో తారుమారవుతుంది.

అజటోబాక్టర్ మాత్రం గాలి ఆడే చోటును వదులుకోలేదు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో మార్టినస్ బైయరింక్ 1901లో దీన్ని వర్ణించారు. రెండేళ్ళకు అమెరికాలోని వైన్‌ల్యాండ్ మట్టిలో జేకబ్ లిప్‌మన్ గుర్తించిన అజటోబాక్టర్ వైన్‌లాండీ ఇప్పటికీ ప్రయోగశాలల్లో అన్నిటికంటే ఎక్కువగా పరిశీలనకు గురవుతున్న జాతి. ఇప్పటివరకు కొలిచిన జీవుల్లో దీని శ్వాసక్రియ వేగం అత్యధిక స్థాయిలో ఉంది. లోపలికి వచ్చిన ఆక్సిజన్ నైట్రోజినేజ్‌ను చేరకముందే కణం పొర దగ్గరే దాన్ని నీరుగా మార్చేయడం దీని పద్ధతి. మామూలు శ్వాసక్రియలో ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ వైపు సాగే దారి పొడవునా ఏటీపీ తయారీకి తోడ్పడతాయి. కణంలో ఏటీపీ పేరుకున్న కొద్దీ ఆ దారి నెమ్మదిస్తుంది, ఆక్సిజన్ వినియోగమూ తగ్గుతుంది. అజటోబాక్టర్‌కు అలా తగ్గడం ప్రమాదం. అందుకని గాలి ఎక్కువైనప్పుడు అది ఏటీపీని అంతగా ఇవ్వని మరో దారిని తెరుస్తుంది. ఆ దారి చివర సైటోక్రోమ్ బీడీ అనే ఆక్సిడేజ్, అంటే ఆక్సిజన్‌ను నీరుగా మార్చే ఎంజైము, ఉంటుంది. తిండిని శక్తి కోసం కాక, కేవలం ఆక్సిజన్‌ను వదిలించుకోవడం కోసం మండిస్తుందన్నమాట. ఈ ఆక్సిడేజ్ జన్యువును తొలగించిన అజటోబాక్టర్ గాలిలో నత్రజనిని స్థాపించలేకపోయింది. ఆక్సిజన్‌ను బాగా తగ్గించినప్పుడు మాత్రం స్థాపించింది. శ్వాసక్రియే రక్షణ అన్న ఊహకు ఇంతకంటే సూటి నిదర్శనం అక్కర్లేదు.

దీనికి తోడు ఆక్సిజన్ పెరిగిన కొద్దీ కణం చుట్టూ ఆల్జినేట్ అనే జిగురు తొడుగు మందమవుతుంది. తిండి ఒక్కసారిగా కరువై శ్వాసక్రియ కుంటుపడితే ఏం చేయాలన్న దానికీ అజటోబాక్టర్ దగ్గర ఏర్పాటు ఉంది. ఇనుము–గంధకం గుచ్ఛం గల ఒక చిన్న ప్రోటీన్, 1960లలో దాన్ని వేరుచేసిన శాస్త్రవేత్త పేరిట రెండో షెత్నా ప్రోటీన్‌గా ప్రసిద్ధమైనది, కణంలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆక్సిజన్ పెరిగినప్పుడు ఆ గుచ్ఛం ఆక్సీకరణ చెంది ప్రోటీన్ ఆకారం మారుతుంది. మారిన ఆకారంతో అది నైట్రోజినేజ్ భాగాలు రెండింటినీ కలిపి పట్టుకుంటుంది. అలా బిగిసిన ఎంజైము పని ఆపేస్తుంది, కానీ చెడిపోదు. ఆక్సిజన్ తగ్గగానే బిగి సడలి పని మళ్ళీ మొదలవుతుంది. ఈ అమరిక ఎలా ఉంటుందో దశాబ్దాల పాటు ఎవరూ చూడలేకపోయారు. జర్మనీలోని ఫ్రైబుర్గ్ బృందం, అమెరికాలోని సాన్ డియేగో బృందం అతిశీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో తీసిన చిత్రాలు 2025 జనవరిలో వెలువడ్డాయి. రెండు నైట్రోజినేజ్ ప్రోటీన్లు, షెత్నా ప్రోటీన్ ఒకదాని వెంట ఒకటి కలిసి పొడవాటి పోగులుగా పేర్చుకోవడం వాటిలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ చిత్రాలను చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేనిది.

ఇక ఖర్చు సంగతి. అజటోబాక్టర్ ఒక గ్రాము చక్కెర తిని స్థాపించే నత్రజని సాధారణంగా 10 నుండి 20 మిల్లీగ్రాములు. ఒక గ్రాము నత్రజనికి 50 నుండి 100 గ్రాముల చక్కెర అన్నమాట. ఆక్సిజన్ తక్కువగా ఉన్న చోట ఈ బాక్టీరియాను పెంచితే అదే చక్కెరకు ఎక్కువ నత్రజని వస్తుంది, అంటే మిగతా తిండిలో ఎంతో భాగం ఆక్సిజన్‌ను మండించడానికే పోతోందని రుజువవుతుంది. అంత చక్కెర దొరికే నేలలు ఎక్కడున్నాయి? కర్బనం అడుగంటిన ఎర్రనేలల్లో వేసవి దుక్కులయ్యాక చారెడు అజటోబాక్టర్ పొడి చల్లి నత్రజనిని ఆశించడం ఆ జీవికి న్యాయం కాదు. జీవన ఎరువును బాగా చివికిన పశువుల ఎరువులో కలిపి వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎప్పుడూ చెప్పే మాటను చాలామంది చల్లడానికి వీలుగా ఉంటుందన్న ఉద్దేశంతో చెప్పినట్టు అనుకుంటారు. బాక్టీరియాకు ఆక్సిజన్‌ను మండించుకునేందుకు కర్బనం అందించడం కూడా దాని వెనుక ఉందని గుర్తిస్తే ఆ సలహాకు ఇవ్వవలసినంత విలువ ఇస్తాం. యూరియా వేసిన చేలో అజటోబాక్టర్ నత్రజని స్థాపన మానేస్తుందన్నది కూడా ఇందులో భాగమే. యూరియా నుండి అమ్మోనియా ఊరికే దొరుకుతున్నప్పుడు ఇంత ఖరీదైన ఎంజైమును తయారుచేసే జన్యువులను అది మూసేస్తుంది.

అజోస్పైరిల్లం అనే మరో నేల బాక్టీరియా మధ్యేమార్గం ఎంచుకుంది. దానికి శ్వాసక్రియకు ఆక్సిజన్ కావాలి, కానీ చాలా కొద్దిగా. బ్రెజిల్‌లో పనిచేసిన జోహానా డోబెరైనర్ ఈ స్వభావాన్ని గుర్తించి, నత్రజని పోషకం కలపని పలుచని అగర్ జెల్లీలో దీన్ని పెంచే పద్ధతిని రూపొందించారు. గాజునాళికలో బాక్టీరియా పైన గాలి తగిలే చోటా పెరగదు, అడుగునా పెరగదు; ఉపరితలానికి కొన్ని మిల్లీమీటర్ల కింద తెల్లని పలుచటి పొరగా పేరుకుంటుంది. కశాభం అనే తోకతో ఈదుతూ, లీటరు నీటిలో 3 నుండి 5 మైక్రోమోల్ మాత్రమే ఆక్సిజన్ ఉన్న చోటును అది వెతుక్కుంటుందని తర్వాతి కొలతల్లో తేలింది. గాలి పూర్తిగా కరిగిన నీటిలో ఉండేదానిలో అది యాభయ్యో వంతు. ఇంత సాదాసీదా ఏర్పాటుతో బాక్టీరియా ఇష్టాయిష్టాలను కంటికి చూపించిన డోబెరైనర్ నేర్పుకు నేను ఎప్పుడూ అబ్బురపడతాను. కొన్ని అజోస్పైరిల్లం రకాల్లో కెరోటినాయిడ్ల వల్ల గులాబీ రంగు ఉంటుంది. ఆ వర్ణద్రవ్యాలు కూడా ఆక్సిజన్ హాని నుండి కణాన్ని కాపాడతాయి.

వేరుశనగ, కంది, పెసర, మినుము వంటి పంటల వేరు బుడిపెల్లో చేరే రైజోబియా అనే బాక్టీరియా ఆక్సిజన్ బాధ్యతను చాలావరకు మొక్కకే అప్పగించాయి. వేరు బుడిపె బయటి పొరలో కణాలు ఒత్తుగా, వాటి నడుమ ఖాళీలు నీటితో నిండి ఉండడం వల్ల ఆక్సిజన్ లోపలికి చాలా నెమ్మదిగా జారుతుంది. మొక్క ఆ అడ్డును అవసరాన్ని బట్టి బిగిస్తుంది, సడలిస్తుంది. లోపల స్వేచ్ఛగా ఉండే ఆక్సిజన్ లీటరుకు కొన్ని పదుల నానోమోల్‌లకు మించదు, అంటే బయటి నీటిలో ఉండేదానికి సుమారు పదివేలవ వంతు. అంత తక్కువైతే బాక్టీరియా ఊపిరి ఎలా పీల్చుకుంటుంది? అక్కడే లెగ్‌హీమోగ్లోబిన్ పని మొదలవుతుంది. బుడిపెలోని ఎర్రని పదార్థం మన రక్తంలోని హీమోగ్లోబిన్ వంటిదేనని జపాన్ శాస్త్రవేత్త కుబో 1939లో గుర్తించారు. అది ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుని, కావడిలో నీళ్ళు మోసినట్టు, చుక్క ఒలకకుండా బాక్టీరియా దాకా చేరుస్తుంది. స్వేచ్ఛగా తిరిగే ఆక్సిజన్ తక్కువగానే ఉంటుంది, అందే ఆక్సిజన్ మాత్రం సరిపడా ఉంటుంది. లోటస్ జపోనికస్ అనే చిన్న చిక్కుడు జాతి మొక్కలో ఈ ప్రోటీన్ తయారు కాకుండా చేసినప్పుడు, బుడిపెలు ఏర్పడ్డాయి గాని వాటిలో స్వేచ్ఛా ఆక్సిజన్ పెరిగిపోయి నత్రజని స్థాపన ఆగిపోయింది. 2005లో వెలువడిన ఆ ఫలితం ఈ విషయంలో అన్ని సందేహాలనూ తీర్చింది.

బాక్టీరియా కూడా చేతులు ముడుచుకుని కూర్చోదు. ఫిక్స్‌ఎల్ అనే ప్రోటీన్ తనలోని హీమ్ అనే ఇనుప భాగానికి ఆక్సిజన్ అంటుకుందా లేదా అన్నదాన్ని బట్టి చుట్టూ ఎంత ఆక్సిజన్ ఉందో పసిగడుతుంది. తక్కువైతే ఫిక్స్‌జె అనే మరో ప్రోటీన్ ద్వారా నత్రజని స్థాపనకు సంబంధించిన జన్యువులను మేల్కొలుపుతుంది. అలా మేల్కొన్నవాటిలో సీబీబీ3 అనే ఆక్సిడేజ్ ముఖ్యమైనది. లీటరుకు 7 నానోమోల్ ఆక్సిజన్ ఉన్నా అది సగం వేగంతో పనిచేయగలదు. అజటోబాక్టర్ ఆక్సిడేజ్ ఆక్సిజన్‌ను వదిలించుకోవడానికి పనికొస్తే, ఈ ఆక్సిడేజ్ ఉన్న కొద్ది ఆక్సిజన్ నుండి గరిష్ఠంగా ఏటీపీని రాబట్టడానికి పనికొస్తుంది. కనుకనే ఇక్కడ ఖర్చు తక్కువ. బుడిపెల్లో ఒక గ్రాము నత్రజనికి మొక్క ఇచ్చే కర్బనం సుమారు 6 నుండి 12 గ్రాములని అంచనాలున్నాయి.

అలాగని బుడిపెలో ముప్పు తొలగిపోలేదు. లెగ్‌హీమోగ్లోబిన్ తనంతట తానే అప్పుడప్పుడు ఆక్సీకరణ చెందుతూ సూపరాక్సైడ్‌ను వదులుతుంది. అంతకుముందే, బాక్టీరియా వేరులోకి చొరబడే దశలో మొక్క పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. అల్ఫాల్ఫా అనే పశుగ్రాసపు మొక్కతో జతకట్టే సైనోరైజోబియం మెలిలోటీ బాక్టీరియాకు పెరాక్సైడ్‌ను విరిచే కాటలేజ్ ఎంజైములు మూడు ఉన్నాయి. వాటిలో రెండింటిని కలిపి తొలగించిన కొన్ని రకాలు బుడిపెలను సరిగా ఏర్పరచలేకపోయాయి. బుడిపెలో మొక్క వైపు నుండి ఆస్కార్బిక్ ఆమ్లం, గ్లూటాతయోన్ కలిసి పెరాక్సైడ్‌ను ఎప్పటికప్పుడు విరిచేస్తుంటాయి. పంట ముదిరేకొద్దీ ఈ రక్షణలు బలహీనపడి బుడిపె లోపలి ఎరుపు గోధుమగానో ఆకుపచ్చగానో మారుతుంది. పూత దశలో వేరుశనగ మొక్కను మట్టితో సహా పెకలించి, బుడిపెను గోటితో చీల్చితే లోపల ఎర్రగా ఉంటే నత్రజని స్థాపన సాగుతోందని అర్థం. తెల్లగా ఉన్న బుడిపెలు ఎన్ని ఉన్నా ప్రయోజనం లేదు. నా దృష్టిలో రైతు ఖర్చు లేకుండా చేసుకోగల పరీక్షల్లో ఇంతకంటే విలువైనది మరొకటి లేదు. నల్లరేగడిలో నీరు నిలిచి కంది పసుపురంగుకు మారడానికీ ఇదే లెక్క వర్తిస్తుంది: ఆక్సిజన్ మరీ తగ్గితే సీబీబీ3 ఆక్సిడేజ్‌కు కూడా ఏమీ మిగలదు, ఏటీపీ లేక నైట్రోజినేజ్ ఆగిపోతుంది.

కోస్తా ఇసుక నేలల్లో పెంచే సరుగుడు చెట్ల వేళ్ళలో కూడా ఇలాంటి బుడిపెలున్నాయి, వాటిలో ఉండేది ఫ్రాంకియా అనే బాక్టీరియా. విడిగా గాలిలో పెంచినప్పుడు అది గుండ్రని తిత్తులు చేసుకుని వాటి చుట్టూ కొవ్వు పొరలు పేర్చుకుంటుంది. ఆక్సిజన్ పెరిగితే పొరల సంఖ్యా పెరుగుతుంది. సరుగుడు బుడిపెలో మాత్రం ఆ తిత్తులే కనిపించవు. చెట్టు తన కణాల గోడలను లిగ్నిన్ అనే కలప పదార్థంతో గట్టిపరచి, హీమోగ్లోబిన్‌ను కూడా సమకూర్చుతుంది గనుక ఫ్రాంకియాకు తిత్తులు కట్టుకునే అవసరం రాలేదు. ఆతిథేయి ఎంత భారం మోస్తే బాక్టీరియా అంత భారం దించుకుంటుందనడానికి ఇంత స్పష్టమైన ఉదాహరణ మన తీరంలోనే ఉండడం నాకు సంతోషంగా ఉంది.

తృణధాన్యాలకే నైట్రోజినేజ్‌ను ఇవ్వాలన్న ప్రయత్నాలు కూడా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే చేరతాయి. జన్యువులను మొక్కలోకి చేర్చడం సాధ్యమే, కానీ పగలంతా ఆక్సిజన్‌ను విడుదల చేసే ఆకులో ఆ ఎంజైమును ఎక్కడ ఉంచాలి? పరిశోధకులు చాలామంది కణంలో శ్వాసక్రియ జరిగే భాగమైన మైటోకాండ్రియాను ఎంచుకున్నారు. అక్కడ శ్వాసక్రియ నిరంతరం ఆక్సిజన్‌ను ఖర్చు చేస్తుంది, ఏటీపీ కూడా అక్కడే పుడుతుంది. అజటోబాక్టర్ తన కణం పొర దగ్గర చేస్తున్న ఏర్పాటును మొక్క కణంలో ఉన్న అవయవంతోనే చేయించాలన్న ఆలోచన ఇది. గాలిలో పెరిగిన ఈస్ట్ మైటోకాండ్రియాలో ఇనుప ప్రోటీన్‌ను చురుకుగా ఉంచగలిగామని 2016లో ఒక బృందం చూపించింది. ఇంతకు ముందు చెప్పిన 45 సెకన్ల ప్రోటీన్ అదే కాబట్టి అది చిన్న విజయం కాదు. పెద్ద ప్రోటీన్‌ను దాని సహకారకంతో సహా మొక్కలో నిర్మించడం, ఒక్కో నత్రజని అణువుకు 16 ఏటీపీల ఖర్చును గింజ దిగుబడి తగ్గకుండా భరించడం ఆ పరిశోధకుల ముందు ఇప్పుడున్న పనులు.